నూటపన్నెండు శాతం ప్రాణం

ఆ కాగితం మీద ఉన్నవి రెండే వరుసలు. "చర్మానికి మంట పుట్టించదు. కంటికి హాని చేయదు." కింద ఒక గుండ్రటి ముద్ర. పొద్దుటినుంచి ఆ రెండు వరుసలనూ ఆరా అక్క ముఖం ముందు పెట్టినవాళ్ళు ఇద్దరయ్యారు. ఫ్యాక్టరీ మేనేజరు ఒకసారి చూపించాడు. డ్రమ్ముల షెడ్డు సూపర్‌వైజరయితే చిన్నపిల్లకు అక్షరాలు దిద్దించినట్టు వేలు పెట్టి మరీ చదివించాడు. ఇప్పుడు ఈ పరీక్షల ల్యాబు గుమ్మంలో చెప్పులు విప్పించి, కాళ్ళకు నీలం రంగు ప్లాస్టిక్కు తొడుగులు తొడిగించి, తెల్లకోటు చేతికిచ్చిన కాపలా మనిషి కూడా, ఎవరూ అడక్కుండానే, ఇరవై ఏడో నంబరు ద్రావకం కంటికి ఏమీ చేయదని, కాగితం వచ్చేసిందని చెప్పాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు నాయనా అనబోయి, మింగేసి, అక్క కోటు తొడుక్కుంది. దాని చేతులు ఆమె వేళ్ళ చివర్లు దాటి వేలాడాయి. గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది.

ఆరా అక్క ఇరవై రెండేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, పై అధికారులతో పడక బయటికొచ్చేసి, సొంతంగా కేసులు చూసుకుంటున్న మనిషి. అసలు పేరు పెన్షను కాగితాల్లో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. బోర్లించిన గిన్నె ఎక్కడ కనిపించినా దాని కింద ఏముందో ఆరా తీసేదాకా ఆవిడకు నిద్ర పట్టదు కాబట్టి ఆ పేరే ఖాయమైపోయింది.

ఈసారి గిన్నె కింద ఉన్నది ఒక కన్ను. ఫ్యాక్టరీలో ఖాళీ డ్రమ్ములు కడిగే పనామె ఉంది, అందరూ డ్రమ్ముల పిన్ని అంటారు. జిడ్డు వదిలించే ఇరవై ఏడో నంబరు ద్రావకంతో డ్రమ్ము లోపల తోముతుంటే, సోమవారం పొద్దున తొమ్మిదీ ఇరవైకి ద్రావకం డబ్బా మూత ఎగిరి కుడికంట్లో చిందింది. ఆ కన్ను ఇక రాదని మర్నాడే చెప్పేశారు. మిగిలింది ఎడమది. సోమవారం పదకొండింటికి కళ్ళ డాక్టరమ్మ దానిలోకి దీపం వేసి చూసి, "ఎడమ కన్ను శుభ్రంగా ఉంది" అని స్వయంగా రాసింది. ఆ శుభ్రంగా ఉన్న కన్ను మంగళవారం సాయంత్రానికి ఎర్రబడింది. బుధవారం మంట. ఈ రోజు గురువారం. పొద్దున రెండు వేళ్ళు చూపిస్తే, వేళ్ళు కాదు, పొగ కనిపిస్తోందని పిన్ని చెప్పింది. ఆ పొగ నల్లగుడ్డు నడిమికి పాకితే తన చేతిలో ఏమీ ఉండదని, ఈ పూటలోగా కారణం తెలిస్తే ఆపగలనని, ద్రావకం మంచిదని కాగితం చెప్తోంది కాబట్టి తాను క్రిములు చేరాయేమోనని మందులు వేస్తున్నానని డాక్టరమ్మ ఫోనులో చెప్పింది. పిన్ని చెల్లెలు మూడు రోజులుగా పిన్ని మంచం పక్కన కదలకుండా కూర్చుని ఉంది. ఒక్కసారి మాత్రం లేచి ఆరా అక్కను వెతుక్కుంటూ వచ్చింది. మా అక్కకు ఆ ఒక్క కన్నైనా మిగల్చండి అంది తప్ప ఇంకేమీ అడగలేదు.

ల్యాబులో పరీక్షలు చేసే ఆవిడకు యాభై దాటాయి. చేతికి ఒక వాచీ, మెడలో దారానికి ఇంకొకటి, బల్ల మీద టిక్కుటిక్కుమనే చిన్న గడియారాలు మూడు. ఫ్యాక్టరీ వాళ్ళందరూ ఆవిణ్ణి గడియారం మేడం అనడంలో వింతేమీ లేదు. ఆవిడ రాగానే అక్కను కూర్చోమనలేదు, తన దగ్గర పదకొండు నలభై వరకే సమయం ఉందని చెప్పింది.

అక్క తన నోటుపుస్తకం తీసి, ఈ పరీక్ష ఎలా చేస్తారో వంటింట్లో పక్కావిడకు చెప్పినట్టు చెప్పమంది. మేడం చెప్పింది. వెనకటి రోజుల్లో కుందేళ్ళ కళ్ళలో పోసి చూసేవారట, ఇప్పుడు ఆ పాపం లేదట. మనిషి కణాలతోనే కంటి పై పొరలాంటి పొరను చిన్న చిన్న గిన్నెల్లో పెంచి అమ్ముతారు. ఒక్కో ముక్క చిటికెనవేలి గోరంత. ఆ ముక్క మీద ద్రావకం వేసి సరిగ్గా ముప్పై నిమిషాలు ఉంచాలి. కడిగి, పన్నెండు నిమిషాలు నానబెట్టాలి. వెచ్చటి పెట్టెలో రెండు గంటలు. ఆ తర్వాత పసుపు రంగు నీళ్ళలో మూడు గంటలు. ముక్క బతికుంటే ఆ పసుపు నీళ్ళను ఊదా రంగులోకి మార్చేస్తుంది. చచ్చిపోయి ఉంటే నీళ్ళు పసుపుగానే ఉండిపోతాయి. ఎంత ఊదా ఉంటే అంత ప్రాణం మిగిలినట్టు. ఆ రంగును యంత్రం కొలిచి అంకె చెప్తుంది. చర్మానికీ ఇదే పద్ధతి, కాకపోతే అక్కడ నలభై రెండు గంటలు ఆగాలి.

"ఆగారా?" అని అక్క అడిగింది.

గడియారం మేడం ముఖం గంటు పెట్టుకుంది. పదకొండేళ్ళ ఉద్యోగంలో ఒక్క నిమిషం అటూ ఇటూ చేసి ఎరగనని, ముప్పై నిమిషాలంటే ముప్పయ్యేనని, నలభై రెండు గంటలు ఆదివారం నాటికి పూర్తయితే ఆదివారం వచ్చి మరీ తీశానని, తన చెల్లెలి కూతురి పెళ్ళికి కూడా తాళి కట్టే వేళ దాటాకే వెళ్ళానని చెప్పి రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టింది. అక్క ఒక్కో వరుసా చదివింది. పెట్టిన వేళ, తీసిన వేళ, కడిగిన వేళ, అన్నీ గొలుసు లింకుల్లా ఒకదానికొకటి అతికాయి. గేటు దగ్గర రాకపోకల పుస్తకంతో పోల్చి చూసింది. అదీ సరిపోయింది. వేళల్లో పట్టుకుందామని వచ్చిన మనిషికి వేళలన్నీ నిజం చెప్తుంటే ఎంత చిరాకుగా ఉంటుందో అక్క ముఖంలో కనిపించింది. దొంగ లెక్కయితే ఒక దారం లాగితే ఊడుతుంది. ఇదేమో నిజాయితీగా నేసిన గుడ్డ, దారం దొరికి చావడం లేదు.

విసుగ్గా పుట తిప్పింది. చివర్లో అంకెలున్నాయి. మంచినీళ్ళు పోసిన ముక్కలో ప్రాణం నూరు శాతం. ఇరవై ఏడో నంబరు పోసిన ముక్కలో నూటపన్నెండు.

అక్క కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"మేడం, నాకు చదువు తక్కువ. ఒక్క సంగతి చెప్పండి. మంచినీళ్ళతో కడుక్కున్నవాడికంటే డ్రమ్ముల జిడ్డు వదిలించే మందుతో కడుక్కున్నవాడు ఎక్కువ ఆరోగ్యంగా ఎలా ఉన్నాడు?"

మేడం ఓపిక తెచ్చుకుని చెప్పింది. యంత్రాల్లో అలా పది, పన్నెండు శాతం అటూ ఇటూ ఉంటుందట. అరవై దాటితే చాలు, హాని లేనట్టే లెక్క. అరవై దాటిందా లేదా అన్నదే ప్రశ్న, ఎంత దాటిందన్నది కాదు. అక్క మళ్ళీ అదే అడిగింది. మేడం మళ్ళీ అదే చెప్పింది. మూడోసారికి ఇద్దరి గొంతులూ ఒక మెట్టు పైకెక్కాయి. చెవిటివాడి ముందు శంఖం ఊదితే కొరుకుతున్నావా అన్నాడట. ఆ గదిలో శంఖం ఎవరిదో చెవుడు ఎవరిదో తేలడం లేదు.

"సరే, వదిలెయ్యండి," అంది అక్క. "ఊదా రంగు ముక్కే తెచ్చిందని మీకెలా తెలుసు? మందే తెచ్చి ఉండొచ్చు కదా. మా ఇంట్లో గంజిలో అయొడిన్ చుక్క పడితే నల్లబడుతుంది, గంజికి ప్రాణం ఉందనుకోమా?"

మేడం ఈసారి తీసిపారేయలేదు. దానికీ ఒక మెట్టు ఉందని చెప్పింది. అసలు పరీక్షకు ముందు, ముక్క లేకుండా, వట్టి పసుపు నీళ్ళలో ద్రావకం వేసి గంట ఆగి చూడాలి. రంగు మారితే ఆ ద్రావకం మాయ చేసేదని అర్థం. అప్పుడు చంపేసిన ముక్కలతో ఇంకొక పరీక్ష విడిగా చేసి ఆ దొంగ రంగును తీసెయ్యాలి. ఇరవై ఏడుకు ఆ మెట్టు అయిపోయిందని, రంగు మారలేదని చెప్తూ మొదటి పుట తీసి చూపించింది. ఉంది. "పసుపు నీళ్ళు: మారలేదు."

అక్క ఆ పుటను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. చుట్టూ ఉన్నవన్నీ నీలం ఇంకుతో చేతిరాత. ఈ ఒక్క మాట మాత్రం నల్లగా, అచ్చులో ఉంది. వెనక్కి తిప్పింది. ఇరవై ఆరో నంబరుకూ అచ్చులోనే ఉంది. ఇరవై ఐదుకూ, ఇరవై నాలుగుకూ అదే. వేళ రాయాల్సిన గడి మాత్రం అన్నిటికీ ఖాళీ.

"ఈ మెట్టుకు ఎన్ని గంటలకు పెట్టారో, ఎన్ని గంటలకు తీశారో లేదేం మేడం?"

గడియారం మేడం కుర్చీ లాక్కుని అప్పుడు కూర్చుంది. చెప్పుకొచ్చింది. తొమ్మిదేళ్ళ పాటు ఆ ఫ్యాక్టరీ ద్రావకాలన్నిటికీ ఆ మెట్టు చేసింది. ఒక్కసారి కూడా రంగు మారలేదు. ప్రతిదానికీ గంట దండగ, ఆ గంట వల్ల మిగతా వేళలు జరిగిపోయేవి, ముక్కలు పెట్టెలో ఆరిపోయేవి. కొత్త ఫారాలు అచ్చు వేయించేటప్పుడు ఎలాగూ మారదు కదా అని ఆ మాట కూడా అచ్చులోనే వేయించేసింది. నిమిషం పోనివ్వని మనిషి గంట మిగుల్చుకున్న చోటు అదొక్కటే.

అక్కకు తిట్లు నోటిదాకా చాలానే వచ్చాయి. ఇరవై ఏడో నంబరు నమూనా ఇంకా ఉందా అని మాత్రం అడిగింది. ఉంది. ప్రతి ద్రావకానిదీ ఒక చిన్న సీసా బీరువాలో దాచి ఉంచడం రివాజు. మేడం చేతికి తొడుగులు వేసుకుని, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, రెండు గాజు గొట్టాల్లో పసుపు నీళ్ళు పోసి, ఒకదానిలో మంచినీటి చుక్క, రెండోదానిలో ఇరవై ఏడు చుక్క వేసింది. అలవాటు పోలేదు, గడియారం నొక్కింది. పదకొండు యాభై రెండు. ఆవిడిచ్చిన పదకొండు నలభై గడువు ఎప్పుడో దాటిపోయిందని ఇద్దరికీ గుర్తు లేదు.

గంట ఆగాల్సిన పని పడలేదు. నాలుగో నిమిషానికి గొట్టం అడుగున పొగలాంటిది లేచింది. పదో నిమిషానికి గొట్టం నిండా పండిన నేరేడుపండు రంగు. అందులో చర్మం లేదు, కన్ను లేదు, ప్రాణం ఉన్నది ఏదీ లేదు. పక్క గొట్టం పసుపు పసుపుగానే ఉంది.

"అంటే నేను చూసిన ముక్కలు…" అని మేడం ఆగిపోయింది.

"చచ్చిపోయి ఉండొచ్చు. రంగు ఇదిగో, కడిగినా ముక్కల్లో ఇంకి మిగిలిపోయిన ఈ మహాతల్లి వేసింది," అని అక్క ఇరవై ఏడో నంబరు సీసా వైపు గడ్డం ఎత్తి చూపించింది.

అప్పుడే తలుపు తోసుకుని బీమా తమ్ముడు వచ్చాడు. ఫ్యాక్టరీకి బీమా ఇచ్చిన కంపెనీ తరఫున విచారణ చేసే మనిషి. ఒకప్పుడు పోలీసులో అక్క కింద పని నేర్చుకున్నవాడే. ఇస్త్రీ చొక్కా, భుజాన సంచీ, చంకలో ఫైలు, ముఖాన ఎప్పుడూ ఉండే ఒక జాలి నవ్వు. ఆ నవ్వు చూస్తే అక్కకు పుండు మీద కారం రాసినట్టు ఉంటుంది.

"అక్కా, నువ్వు ఇక్కడ రంగులు కలుపుకుంటున్నావా? కేసు నేను మూసేశాను, ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకో," అన్నాడు.

అక్క గొట్టం చూపించి సంగతి చెప్పింది. అతను కాదనలేదు, అదే చిరాకు. తెలివైనవాడు. ఒప్పుకున్నట్టు తలూపి ఎదురు దెబ్బ వేశాడు. ద్రావకం చెడ్డదే అనుకుందాం, కుడికన్ను దానివల్లే పోయిందనుకుందాం. ఎడమ కంట్లో చుక్క కూడా పడలేదని డాక్టరమ్మ రాసింది. సోమవారం శుభ్రంగా ఉన్న కన్ను ఆసుపత్రి మంచం మీద ఎలా పాడవుతోంది? ఎవరో రోజూ అందులో ఏదో వేస్తున్నారు. పగలూ రాత్రీ ఆ మంచం వదలని మనిషి ఒక్కతే, చెల్లెలు. రెండు కళ్ళూ పోతే పరిహారం పెద్దదని ఆశ పడింది. ఇందులో తిరకాసు ఏముంది?

"తోడబుట్టినదాని కంట్లో తనే పోస్తుందా?" అంది అక్క.

"నువ్వే నేర్పావు కదక్కా, కన్నీళ్ళను కాదు, వేళలను నమ్మమని. మంగళవారం పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. కడిగిన ప్రతిసారీ కన్ను ఒక మెట్టు దిగింది. కడుగుతున్నది ఎవరు? ఆ పిల్లే." అతను వాచీ చూసుకున్నాడు. పన్నెండూ పది. స్టేషనులో ఫిర్యాదు ఇచ్చేశానని, పన్నెండింటికే వచ్చి చెల్లెల్ని తీసుకెళ్ళి ఉంటారని చెప్పాడు.

అక్కకు ఒళ్ళు మండిపోయింది. తిట్టడానికి నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది, ఎందుకంటే ఆ దుర్మార్గుడు తప్పు మనిషిని పట్టుకున్నాడు గానీ వేళలను సరిగ్గానే పట్టుకున్నాడు. కడిగిన ప్రతిసారీ కన్ను దిగింది. కుడికంటి రసి ఎడమ కంటికి అంటకుండా రోజుకు మూడుసార్లు, ఏడింటికి, ఒంటిగంటకు, మళ్ళీ రాత్రి ఏడింటికి, ఉప్పునీటితో కడగమన్నది డాక్టరమ్మే.

"దేనితో కడుగుతోంది?" అని అడిగింది, తనను తానే అడిగినట్టు.

"శుద్ధమైన ఉప్పునీళ్ళతోనే. అందులో అనుమానం అక్కర్లేదు, రోజూ పొద్దున ఆరున్నరకు నా చేత్తో ఇస్తున్నాను. వార్డులో సరుకు తక్కువగా ఉందంటే ఫ్యాక్టరీ ఫస్టెయిడ్ గదివాళ్ళు మంగళవారంనుంచి పంపిస్తున్నారు. ఎంత శ్రద్ధగా చూసుకుంటున్నారో ఫైల్లో అంతా రాశాను, కావాలంటే చదువుకో."

అక్క ఫైలు లాక్కుంది. "బాధితురాలి పట్ల యాజమాన్యం శ్రద్ధ" అని ఒక పుట, ముత్యాల్లాంటి దస్తూరీ. సొంత బండిలో ఆసుపత్రికి తరలించడం. మేనేజరు పరామర్శ. మూడో వరుస దగ్గర అక్క వేలు ఆగింది. పైకి చదివింది.

"కళ్ళు కడిగే ఖాళీ సీసాలను ఇరవై ఏడో నంబరుతో తళతళలాడేలా శుభ్రం చేసి, మరిగించి చల్లార్చిన ఉప్పునీటితో నింపుతున్నారు. స్వయంగా చూశాను."

బీమా తమ్ముడి ముఖాన నవ్వు ఒక్కసారిగా పోలేదు, దీపం కొండెక్కినట్టు కొంచెం కొంచెంగా పోయింది.

"కడిగాక నీళ్ళతో జాడిస్తారా?" అని అక్క అడిగింది.

అతను తల అడ్డంగా ఊపాడు. కుళాయి నీళ్ళు తగిలితే మళ్ళీ మురికి అవుతుందని, మందు పోసి గిలకరించి, వంపేసి, బోర్లించి ఆరబెడతారని, తానూ అడిగానని, ఫస్టెయిడ్ గదిలో గోడకు ఆ కాగితం అంటించి ఉందని, కంటికి హాని చేయదు అన్న వరుస కింద ఎర్ర గీత కూడా గీశారని, మాటలు వెతుక్కుంటూ చెప్పాడు.

అక్క అప్పటికే ఫోను చెవికి పెట్టుకుంది. చెల్లెలి నంబరు మోగుతోంది, ఎత్తేవాళ్ళు లేరు. ఎలా ఎత్తుతుంది, స్టేషనులోకి తీసుకెళ్ళగానే ముందు లాక్కునేది ఫోనే అని అక్కకు తెలియనిదా. డాక్టరమ్మకు చేసింది. ఆపరేషను గదిలో ఉందని, రెండింటికి గానీ రాదని ఎవరో చెప్పి పెట్టేశారు. వార్డు నంబరుకు చేస్తే బిజీ. మళ్ళీ చేస్తే మళ్ళీ బిజీ. ఇక్కణ్ణుంచి ఆసుపత్రికి బండి మీద నలభై నిమిషాలు. గడియారంలో పన్నెండూ ఇరవై ఎనిమిది.

బీమా తమ్ముడు సంచీలోంచి ఒక ప్లాస్టిక్కు సీసా తీసి బల్ల మీద పెట్టాడు. నిన్నటిది. ఖాళీలను తిరిగి ఇచ్చి నింపించుకోవడం రివాజు కాబట్టి పొద్దున తెచ్చుకున్నాడు. అడుగున వేలెడు నీళ్ళు మిగిలి ఉన్నాయి. గడియారం మేడం ఎవరూ చెప్పకుండానే లేచి, మూడో గొట్టంలో పసుపు నీళ్ళు పోసి, ఆ సీసాలోవి రెండు చుక్కలు వేసింది. ఈసారి గడియారం నొక్కలేదు.

ఒక చేత్తో వార్డు నంబరు నొక్కుతూనే అక్క స్టేషనుకు ఫోను చేయమని అతన్ని కసిరింది. అతను చేశాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాననీ, ఆ అమ్మాయిని వెంటనే ఆసుపత్రికి పంపమనీ బతిమాలాడు. రాసిచ్చింది కాగితం కాబట్టి వెనక్కి తీసుకునేదీ కాగితం మీదే ఉండాలని, స్వయంగా వచ్చి సంతకం పెట్టమని అవతలివాళ్ళు చెప్పారు. అక్క నుదురు కొట్టుకుంది. పొద్దుటినుంచి ఆవిణ్ణి చంపుకుతింటున్నది కాగితమే.

"అక్కా, ఇంకో సంగతి," అన్నాడతను.

"ఆగు," అని చెయ్యి ఊపింది. వార్డు బిజీ.

మూడో గొట్టంలో పసుపు మెల్లగా మాసిపోతోంది. ముందు వంకాయ పువ్వు రంగు, తర్వాత ఇంకొంచెం ముదురు. రెండో గొట్టమంత చిక్కన కాదు. కానీ అది ఊదాయే, చూపున్నవాళ్ళెవరూ ఇంకో పేరు పెట్టలేరు. గడియారం మేడం దాన్ని తీసుకెళ్ళి మిగతా రెండు గొట్టాల పక్కన పెట్టింది. నిన్నటి సీసా ఇది. ఈనాటి సీసా పిన్ని తలగడ పక్కన ఉంది.

చెల్లెలు లేకపోతే ఒంటిగంటకు ఎవరు కడుగుతారని అక్క అడిగింది. నర్సు కడుగుతుందని అతను చెప్పాడు. డ్యూటీ నర్సు వేళ తప్పే మనిషి కాదట, తానే మెచ్చుకుంటూ ఫైల్లో రాశాడట. అక్క ఆ ఫైలును చూసిన చూపుకు అది కాలిపోలేదు గానీ, అతను దాన్ని వీపు వెనక దాచుకున్నాడు.

"అక్కా, నేను చెప్పేది కాస్త విను. ఈ పొద్దున…"

"నువ్వు చెప్పింది చాలు నాయనా. మూడు రోజులుగా నువ్వు చెప్పిందే వింటున్నారు అందరూ." మళ్ళీ నొక్కింది. పన్నెండూ యాభై ఒకటి. బిజీ. యాభై మూడు. బిజీ. ఆ ఫోను పట్టుకుని అరగంటగా ముచ్చట్లాడుతున్నవాళ్ళు ఎవరైతేనేం, వాళ్ళ నోట్లో మట్టి పడ అని అక్క మనసులో అనుకుంది. యాభై ఆరో నిమిషానికి అవతల మోగింది. ఏడుసార్లు మోగాక ఎత్తారు.

డ్యూటీ నర్సు గొంతులో తొందర ఉంది. కళ్ళు కడిగే వేళయింది, తర్వాత చేయమంది. అక్క తన పేరు చెప్పలేదు, ఎవరు పంపారో చెప్పలేదు.

"అమ్మా, కిటికీ పక్క మంచం మీద డ్రమ్ములు కడిగే ఆవిడ ఉంది. ఆవిడ ఎడమ కన్ను కడిగేశారా?"

"ఇంకా లేదండీ. సీసా చేతిలోనే ఉంది, రెప్ప తెరవబోతుంటే మీరు ఫోను చేశారు."

అక్క వెంటనే అందుకుంది. ఆ సీసాలో నీళ్ళు మంచివి కావని, వాటిలో డ్రమ్ముల మందు ఉందని, ఒక్క చుక్క కూడా ఆ కంట్లో పడకూడదని, పైన ఫ్యాక్టరీ బొమ్మ లేని, మూత సీలు ఉన్న సెలైన్ ఎక్కడున్నా తెచ్చి, మధ్యలో ఆపకుండా కడుగుతూనే ఉండమని, ఈ మాట ఇప్పుడే ఆపరేషను గదిలో డాక్టరమ్మ చెవిన వేయమని, ఒక్కో ముక్కా విడదీసి చెప్పింది. నర్సు అనవసరపు ప్రశ్నలు వేయలేదు, మంచి మనిషి. మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. సీసాకు మూత తిప్పిన చప్పుడు ఫోనులో వినిపించింది.

అక్క తలెత్తి చూసేసరికి బీమా తమ్ముడు ముఖం రెండు చేతుల్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"అమ్మా," అంది నర్సు, గొంతు తగ్గించి. "మరి మిగతా పన్నెండు మంచాల సంగతేంటి? ఈ పొద్దున బీమా సారు పెట్టె నిండా తెచ్చిచ్చారు కదా, వార్డు మొత్తానికీ పనికొస్తాయని. ఏడింటికి అందరికీ వాటితోనే కడిగాం. ఇప్పుడు రెండో నర్సు అవతలి చివరినుంచి మొదలుపెట్టేసిందమ్మా."